విరిగిన ఎముక, తొలగిన కీలు: అత్యవసర విభాగంలో నొప్పిని తగ్గించే పద్ధతి

తుంటి ఎముక విరిగిన పెద్దావిడ స్ట్రెచర్ మీద కదలకుండా పడుకుని ఉన్నప్పుడు దగ్గరికి వెళ్లి "నొప్పి ఎలా ఉందమ్మా?" అని అడిగితే, "పరవాలేదు బాబూ" అంటుంది. కేసు షీటులో నొప్పి స్కోరు 2 అని పడుతుంది. పావుగంట తర్వాత ఆమెను ఎక్స్‌రే బల్ల మీదికి మారుస్తున్నప్పుడు పెట్టిన కేక వరండా చివరిదాకా వినిపిస్తుంది. ఆమె అబద్ధమేమీ చెప్పలేదు. మనమే సగం ప్రశ్న అడిగి ఊరుకున్నాం. ఎముక విరిగినా, కీలు తొలగినా, ఆ నొప్పిలో పెద్ద భాగం కదలికలోనే ఉంటుంది. అందుకని, రోగిని ఏయే వేళల్లో కదిలించబోతున్నామో ముందే లెక్క వేసుకుని, ఒక్కో కదలికకు ముందే మందు పని మొదలుపెట్టేలా చూసుకోవడమే ఈ పనిలో అసలు కిటుకు. అత్యవసర విభాగంలో కొత్తగా చేరిన డాక్టర్లను, నర్సులను దృష్టిలో పెట్టుకుని రాసిన వ్యాసం ఇది. ఇందులోని మోతాదులను రోగి బరువుతో, వయసుతో, మూత్రపిండాల పరిస్థితితో, మీ విభాగంలో అమలులో ఉన్న నియమాలతో సరిచూసుకున్నాకే వాడాలి.

ఈ నొప్పి ఎక్కడి నుంచి పుడుతుందో తెలిస్తే తర్వాత చేసే పనులన్నిటికీ అర్థం ఉంటుంది. ఎముక లోపలికంటే, దాన్ని అంటిపెట్టుకుని ఉండే పలుచని పైపొరలో నొప్పిని మోసే నరాల కొసలు చాలా దట్టంగా ఉంటాయి. విరిగిన అంచులు కదిలిన ప్రతిసారీ ఆ పొర చిరుగుతుంది, సాగుతుంది. దానికి తోడు చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోయి ఆ అంచులను ఒకదానిమీదికి ఒకటి లాగుతాయి. ఆ లాగుడుకు నొప్పి పెరుగుతుంది, పెరిగిన నొప్పికి కండరాలు ఇంకా బిగుస్తాయి. ఈ చక్రాన్ని మందుతోనూ తెంచవచ్చు, అవయవాన్ని కదలకుండా పట్టి ఉంచీ తెంచవచ్చు. రెండోది ముందు చేయాలి.

రోగి రాగానే

ఊపిరి, రక్తస్రావం, స్పృహ వంటి ప్రాణాపాయ విషయాలను చూడడం ఎప్పటిలాగే మొదటి పని. చర్మం తెగకుండా తొడ ఎముక ఒక్కటి విరిగినా లోలోపల ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్ల రక్తం పోవచ్చు కాబట్టి, నొప్పి కేకలు విని నేరుగా ఇంజెక్షన్ కోసం పరుగెత్తకుండా ముందు నాడి, రక్తపోటు చూడాలి. ఆ తర్వాత గాయానికి కింది భాగంలో నాడి అందుతున్నదా, స్పర్శ తెలుస్తున్నదా, వేళ్లు కదులుతున్నాయా అని పరీక్షించి, సమయంతో సహా రాసిపెట్టాలి. ఇది రెండు నిమిషాల పని. కానీ మత్తుమందు ఇచ్చాకో, కీలును సరిచేశాకో వేళ్లు మొద్దుబారాయని రోగి చెప్పినప్పుడు, ఆ మొద్దుబారడం గాయంతో వచ్చిందా, మన చేతితో వచ్చిందా అన్నది తేల్చేది ఆ ఒక్క వాక్యమే.

నొప్పిని 0 నుంచి 10 దాకా అంకెల్లో అడిగేటప్పుడు రెండు ప్రశ్నలు వేయాలి: "కదలకుండా ఉన్నప్పుడు ఎంత? కాస్త కదిపితే ఎంత?" 3 దాకా తేలికపాటి నొప్పి, 4 నుంచి 6 దాకా మధ్యస్థం, 7 ఆపైన తీవ్రం అని స్థూలంగా లెక్క. చికిత్సను రెండో ప్రశ్నకు వచ్చిన అంకెను బట్టే ఎంచుకోవాలి. మూడు నాలుగేళ్ల వయసు దాటిన పిల్లలకు నవ్వు నుంచి ఏడుపు దాకా వరుసగా గీసిన ముఖాల బొమ్మలు చూపించి అడగవచ్చు. మాటలు రాని పసివాళ్ల విషయంలో ముఖం, కాళ్లు, కదలికలు, ఏడుపు, ఊరడింపుకు లొంగడం అనే అయిదింటికి తలా 0 నుంచి 2 మార్కులు వేసి కూడుకోవాలి. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధుల్లో నుదురు ముడుచుకోవడం, మూలుగు, ముట్టుకోబోతే చేయి తోసేయడం వంటి గుర్తులే స్కోరు. నాడి మామూలుగా కొట్టుకుంటోంది కాబట్టి నొప్పి లేదనుకోవడం మాత్రం పొరపాటు. తీవ్రమైన నొప్పిలోనూ నాడి 80 ఉన్నవాళ్లు ఎందరో ఉంటారు.

తీవ్రమైన నొప్పితో వచ్చిన వ్యక్తికి 15 నిమిషాల్లోపు మొదటి మోతాదు పడాలి, అరగంటలోపు మళ్లీ స్కోరు అడగాలి. చాలా చోట్ల మొదటిది జరుగుతుంది, రెండోది జరగదు. "ఎక్స్‌రే అయ్యాక చూద్దాం", "ఆర్థోపెడిక్ డాక్టరు వచ్చి చూసేదాకా నొప్పి తగ్గించకూడదు" అనే మాటలు ఇప్పటికీ వినిపిస్తుంటాయి. నొప్పి తగ్గినంత మాత్రాన విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనబడకుండా పోదు. పైగా నొప్పి తగ్గిన రోగిని పరీక్షించడం తేలిక, ఎక్స్‌రే కూడా సరైన కోణంలో వస్తుంది.

కదలకుండా పట్టి ఉంచడం

అవయవాన్ని కదలకుండా పట్టి ఉంచే బద్దను, అంటే స్ప్లింటును, నొప్పి మందుల జాబితాలో మొదటి పేరుగా చూడాలి. ఎముక విరిగితే దానికి పైనున్న కీలును, కిందున్న కీలును కలిపి కట్టాలి. కీలు గాయపడితే దానికి పైనున్న ఎముకను, కిందున్న ఎముకను కలిపి కట్టాలి. ముంజేయి విరిగిన పిల్లవాడిని తీసుకోండి. స్ప్లింటు పొడవును గాయపడిన చేతి మీద పెట్టి కొలవడానికి ప్రయత్నిస్తే వాడు బెదిరిపోతాడు కాబట్టి బాగున్న చేతి మీద కొలవాలి. ఎముక పొడుచుకు వచ్చే మణికట్టు, మోచేయి దగ్గర దూది దట్టంగా పరచాలి. ఒకరు చేతిని పైన, కింద రెండు చోట్ల పట్టుకుని నిదానంగా చేయి పొడవునా లాగి ఉంచితే, రెండోవారు స్ప్లింటును కింద జరిపి వేళ్ల వైపు నుంచి పైకి కట్టు కట్టుకుంటూ రావాలి. వేళ్ల కొసలు బయటకు కనిపించాలి. కట్టడం పూర్తికాగానే నాడి, స్పర్శ, కదలిక మళ్లీ చూడాలి. ముందు అందిన నాడి ఇప్పుడు అందకపోతే కట్టు వదులు చేయాలి, అప్పటికీ అందకపోతే అవయవం ఉన్న స్థితిని సరిచేయాలి. ఉంగరాలు, గాజులు, గడియారం ఉంటే వాపు రాకముందే తీయాలి. గంట ఆగితే వాటిని కత్తిరించాల్సి వస్తుంది.

తొడ ఎముక నడిమి భాగంలో విరిగినప్పుడు మామూలు స్ప్లింటు సరిపోదు. అక్కడి కండరాలకు ఉన్న బలం అలాంటిది. కాలిని పొడవునా లాగిపట్టే ట్రాక్షన్ స్ప్లింటు వేయగానే, ఏ ఇంజెక్షన్‌కూ తగ్గని నొప్పి రోగి ముఖంలోనే దిగిపోవడం కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో హ్యూ ఓవెన్ థామస్ రూపొందించిన స్ప్లింటును మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికులకు విస్తృతంగా వాడడం మొదలుపెట్టాక వారిలో మరణాలు బాగా తగ్గాయి. కదలకుండా ఉంచితే నొప్పితోపాటు రక్తస్రావం కూడా తగ్గుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. కటి ఎముకలు విరిగినా, అదే కాలి మోకాలో చీలమండో దెబ్బతిన్నా ట్రాక్షన్ స్ప్లింటు వేయకూడదు.

ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టడం, అవయవాన్ని దిండు మీద ఎత్తులో ఉంచడం మామూలు విషయాలే. బెణుకుల్లో ఇవి ఎక్కువగా, పెద్ద ఎముకలు విరిగినప్పుడు కొద్దిగా ఉపయోగపడతాయి.

మాత్రలను తక్కువగా చూడవద్దు

పారాసెటమాల్‌ను చిన్న మందుగా తీసిపారేయడం మన వృత్తిలో ఒక దురలవాటు. మామూలు బరువున్న పెద్దలకు ఒక గ్రాము, పిల్లలకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున సరైన మోతాదులో ఇస్తే అది మిగతా మందులన్నిటికీ పునాది అవుతుంది. పెద్దలకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. 50 కిలోల కంటే తక్కువ బరువున్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం ఎక్కువగా తాగేవారికి ఇంకా తగ్గించాలి. వాంతులవుతున్నా, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని తేలినా అదే మోతాదును రక్తనాళం ద్వారా 15 నిమిషాల్లో ఎక్కించవచ్చు.

దానికి తోడుగా ఐబుప్రొఫెన్ పెద్దలకు 400 మిల్లీగ్రాములు, పిల్లలకు కిలోకు 10 మిల్లీగ్రాములు ఇవ్వవచ్చు. ఈ రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి కలిపి ఇస్తే ఒకదానికొకటి బలం అవుతాయి. 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో చేతులు, కాళ్లలో హఠాత్తుగా వచ్చిన నొప్పితో అత్యవసర విభాగానికి వచ్చిన 416 మందిలో కొందరికి ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిపి, మిగతావారికి మూడు రకాల ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి నొప్పి మందు) మిశ్రమ మాత్రల్లో ఒకటి ఇచ్చి చూస్తే, రెండు గంటల తర్వాత నొప్పి తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బెణుకులు, చిన్న ఎముకల పగుళ్లు ఈ కోవలోకే వస్తాయి.

ఐబుప్రొఫెన్ జాతి మందులకు షరతులున్నాయి. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, ఒంట్లో నీరు తగ్గిపోయిన స్థితి, రక్తం పలుచబడే మందుల వాడకం, ఆస్పిరిన్‌తో ఉబ్బసం రేగిన చరిత్ర, గర్భం చివరి నెలలు, ఆరు నెలల లోపు వయసు: వీటిలో ఏది ఉన్నా ఆగిపోవాలి. పెద్ద గాయాలతో రక్తం పోతున్న వ్యక్తికి కూడా ఇవి పనికిరావు. ఈ మందులు ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తాయన్న వాదన చాలాకాలంగా ఉంది. కొన్ని రోజులపాటు మాత్రమే వాడితే హాని జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు కాబట్టి మొదటి రెండు మూడు రోజులు ఇవ్వడానికి నేను వెనకాడను. అంతకు మించి వాడాల్సి వస్తే ఆపరేషన్ చేయబోయే డాక్టరును అడుగుతాను.

పిరుదుకు వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ గురించి ఒక మాట. సూది పడితేనే వైద్యం జరిగినట్టు అనుకునే రోగులు ఉన్నారు, డాక్టర్లూ ఉన్నారు. మాత్ర మింగగలిగిన వ్యక్తికి ఆ ఇంజెక్షన్ వల్ల అదనంగా దక్కేది ఇంకో చోట నొప్పి.

నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు

తీవ్రమైన నొప్పికి వేగంగా పనిచేసే దారి కావాలి. రక్తనాళం దొరకడానికి సమయం పట్టే పిల్లల్లో ముక్కు ద్వారా ఇచ్చే ఫెంటనిల్ అనే ఓపియాయిడ్‌కు మించిన సాధనం నాకు కనబడలేదు. మోతాదు కిలోకు 1.5 మైక్రోగ్రాములు. 20 కిలోల పిల్లవాడికి 30 మైక్రోగ్రాములు కావాలి. ఒక మిల్లీలీటరులో 50 మైక్రోగ్రాములు ఉండే ద్రావణమైతే అది 0.6 మిల్లీలీటరు అవుతుంది. తుంపరలు చేసే చిన్న పరికరంలో దాదాపు 0.1 మిల్లీలీటరు మందు మిగిలిపోతుంది కాబట్టి మొదటిసారి అంత అదనంగా సిరంజిలోకి తీసుకుని, రెండు ముక్కు రంధ్రాల్లోకి చెరి సగం కొట్టాలి. ఒకే రంధ్రంలో పోస్తే సగం గొంతులోకి జారిపోతుంది. పిల్లవాడు అమ్మ ఒడిలో కూర్చునే ఉండవచ్చు. 5 నుంచి 10 నిమిషాల్లో బిగదీసిన భుజాలు సడలుతాయి. స్ప్లింటు వేయడానికి, ఎక్స్‌రేకు తీసుకెళ్లడానికి అదే అదను. ఆ సమయాన్ని పోగొట్టుకోకుండా ఎక్స్‌రే వాళ్లకు ముందే కబురు చేయాలి. ముక్కు నుంచి రక్తం కారుతున్నా, ముక్కు దిబ్బడ వేసినా ఈ దారి పనిచేయదు.

పీల్చే మందులు కదలిక వేళకు చక్కగా సరిపోతాయి. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగం సగం కలిపిన వాయువును రోగి తన చేత్తోనే మాస్కు పట్టుకుని పీలుస్తాడు. నిమిషం తిరగకముందే పని మొదలవుతుంది, ఆపిన కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. మాస్కును మనం పట్టుకోకూడదు. మత్తు ఎక్కువైతే రోగి చేయి దానంతట అదే జారిపోవడమే ఇందులోని రక్షణ. శరీరంలో ఎక్కడ గాలి చిక్కుకుని ఉన్నా ఈ వాయువు దాన్ని ఉబ్బిస్తుంది కాబట్టి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారికి, పేగు అడ్డుపడినవారికి, తల గాయంతో స్పృహ తగ్గినవారికి ఇవ్వకూడదు. ఆస్ట్రేలియాలో అంబులెన్సుల్లో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మెథాక్సీఫ్లూరేన్ కూడా ఇలాంటిదే. చేతిలో పట్టే గొట్టంలో 3 మిల్లీలీటర్లు పోసి పీల్పిస్తారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, మత్తుమందులతో ప్రమాదకరంగా జ్వరం పెరిగే వంశపారంపర్య లక్షణం ఉన్నవారికి అది పనికిరాదు.

రక్తనాళం ద్వారా ఇచ్చే మార్ఫిన్‌ను ఒకేసారి మొత్తం ఇచ్చే అలవాటు వద్దు. 10 మిల్లీగ్రాములను 10 మిల్లీలీటర్లకు పలుచన చేసి, 2 లేదా 3 మిల్లీగ్రాముల చొప్పున అయిదేసి నిమిషాలకు ఒకసారి ఇస్తూ స్కోరు అడుగుతూ ఉండాలి. స్థూలంగా కిలోకు 0.1 మిల్లీగ్రాము దగ్గర చాలామందికి తేలికపడుతుంది. వృద్ధులకు సగంతో మొదలుపెట్టాలి. మూత్రపిండాలు సరిగా లేనివారిలో మార్ఫిన్ అవశేషాలు పేరుకుపోతాయి కనుక వారికి ఫెంటనిల్ మేలు, అదీ చిన్న మోతాదుల్లో. ఊపిరి మందగించే ముందు మగత వస్తుంది. కాబట్టి నిమిషానికి ఎన్ని శ్వాసలు అని లెక్కపెట్టడంతోపాటు, పిలిస్తే పలుకుతున్నాడా లేదా అన్నది కూడా గమనించి రాయాలి. ఓపియాయిడ్‌లకు విరుగుడైన నాలాక్సోన్ చేతికి అందేంత దూరంలో ఉండాలి. 0.4 మిల్లీగ్రాముల ఆంప్యూల్‌ను 10 మిల్లీలీటర్లకు పలుచన చేసి కొద్ది కొద్దిగా ఇస్తే ఊపిరి తిరిగి వస్తుంది, నొప్పి మాత్రం ఒక్కసారిగా మీద పడదు.

ఇక్కడ చాలామంది గమనించని ప్రమాదం ఒకటుంది. తొలగిన భుజం కీలుతో అరుస్తున్న వ్యక్తికి మార్ఫిన్ ఇస్తూ పోతాం, తగ్గలేదని ఇంకాస్త ఇస్తాం. కీలు టక్కున సర్దుకుంటుంది. అంతదాకా అతన్ని మెలకువగా ఉంచినది ఆ నొప్పే. అది పోగానే ఒంట్లో ఉన్న మందు మొత్తం బయటపడి, అయిదు నిమిషాల్లో గురక మొదలవుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. అందరూ ఊపిరి పీల్చుకుని పక్క మంచం వైపు వెళ్లిపోయే సమయం కూడా సరిగ్గా అదే. కీలు సర్దుకున్నాక కనీసం అరగంట ఎవరో ఒకరు అక్కడే నిలబడాలి.

మార్ఫిన్‌తో తగ్గని నొప్పికి, రక్తపోటు తక్కువగా ఉన్నవారికి మత్తు కోసం వాడే కెటమిన్ చిన్న మోతాదులో మంచి తోడు. కిలోకు 0.2 నుంచి 0.3 మిల్లీగ్రాములను 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి 15 నిమిషాల్లో ఎక్కించాలి. ఒక్క ఊపులో తోస్తే గదంతా తేలిపోతున్నట్టు అనిపించి రోగి భయపడిపోతాడు. "కాసేపు తేలిపోతున్నట్టు ఉంటుంది, అది మందు ప్రభావమే, నేను ఇక్కడే ఉంటాను" అని ముందుగా చెబితే ఆ భయం చాలావరకు రాదు. ఇక ట్రామడాల్ గురించి చెప్పవలసింది తక్కువ: వాంతులు ఎక్కువ, మూర్ఛ ఉన్నవారికి ప్రమాదం, మేలు అంతంతమాత్రం. 12 ఏళ్ల లోపు పిల్లలకు కోడీన్ గానీ ట్రామడాల్ గానీ ఇవ్వకూడదు. కొందరి శరీరాలు వీటిని అతి వేగంగా బలమైన పదార్థాలుగా మార్చడం వల్ల ఊపిరి ఆగే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ఈ వయసు పిల్లల్లో నొప్పికి వీటిని వాడకూడదని మందు లేబుల్‌లో చేర్పించింది.

నరాన్ని మొద్దుబార్చడం

మొదట చెప్పుకున్న పెద్దావిడ దగ్గరికి మళ్లీ వద్దాం. ఆమెకు మార్ఫిన్ ఎక్కువైతే మతి తప్పుతుంది. నొప్పిని అలాగే వదిలేసినా మతి తప్పుతుంది. ఈ ఇరకాటం నుంచి బయటపడే దారి తొడ ముందువైపు ఇచ్చే ఫేసియా ఇలియాకా బ్లాక్, అంటే నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్. ఎక్స్‌రే దాకా పారాసెటమాల్, కొద్దిపాటి ఫెంటనిల్‌తో గడిపి, విరిగినట్టు తేలగానే అల్ట్రాసౌండ్ సాయంతో ఈ బ్లాక్ ఇవ్వాలి. ఫేసియా ఇలియాకా పొర కింద మందు పలుచగా పరుచుకుని తొడ నరాలను మొద్దుబార్చడమే దీని సూత్రం కనుక ఇందులో మందు గాఢత కంటే పరిమాణం ముఖ్యం. మామూలుగా 30 నుంచి 40 మిల్లీలీటర్లు వాడతారు.

ప్రమాదం ఉన్నది కూడా ఆ పరిమాణంలోనే. 0.25 శాతం లెవోబూపివకైన్ అనే మొద్దుబార్చే మందులో మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములు ఉంటాయి. కిలోకు 2 మిల్లీగ్రాముల హద్దు పెట్టుకుంటే 40 కిలోల బక్కపలుచని ఆవిడకు గరిష్ఠంగా 80 మిల్లీగ్రాములు, అంటే 32 మిల్లీలీటర్లు. అలవాటుగా 40 మిల్లీలీటర్ల సిరంజి నింపితే 100 మిల్లీగ్రాములు అయిపోతుంది. ఈ గుణకారాన్ని సిరంజి నింపకముందే కాగితం మీద వేసి, రెండోవారి చేత సరిచూపించాలి. మందు ఎక్కించేటప్పుడు ప్రతి 5 మిల్లీలీటర్లకు ఒకసారి పిస్టన్ వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకోవాలి. పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు అని రోగి చెబితే మందు రక్తంలోకి వెళ్లిందని అర్థం. వెంటనే ఆపాలి, సాయానికి పిలవాలి. మూర్ఛ రావడం, గుండె లయ తప్పడం వంటివి జరిగితే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే కొవ్వు ద్రావణాన్ని కిలోకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున ఇవ్వాలి. ఆ సీసా ఏ అల్మారాలో ఉందో బ్లాక్ మొదలుపెట్టకముందే తెలిసి ఉండాలి. బ్లాక్ పూర్తిగా పట్టడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోపు ఆమెను వార్డుకు తరలిస్తే శ్రమంతా వృథా.

మణికట్టు ఎముక విరిగి వంకర పోయినప్పుడు విరిగిన చోట పేరుకున్న రక్తంలోకే మొద్దుబార్చే మందు లిగ్నొకైన్ ఒక శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లు ఎక్కించే పద్ధతి సులువైనది. మిగతా ఇంజెక్షన్లలో సిరంజిలోకి రక్తం వస్తే భయపడతాం, ఇందులో ముదురు రంగు రక్తం వస్తేనే సూది సరైన చోట ఉందని తెలుస్తుంది. చర్మాన్ని ఆపరేషన్‌కు చేసినంత శుభ్రంగా చేయాలి, మందును మెల్లగా ఎక్కించాలి, తర్వాత 10 నిమిషాలు ఆగాలి. ఆగకుండా లాగడమే ఈ పద్ధతికి చెడ్డపేరు తెచ్చిపెట్టింది. చర్మం చీలి ఎముక బయటకు వచ్చిన గాయాల్లో దీన్ని వాడకూడదు.

భుజం కీలు తొలగినప్పుడు కీలు లోపలికే ఒక శాతం లిగ్నొకైన్ 20 మిల్లీలీటర్ల దాకా ఇచ్చి 15 నుంచి 20 నిమిషాలు ఆగితే, మత్తు ఇవ్వకుండానే చాలామందిలో కీలును సర్దవచ్చు. ఆ రోగులు ఇంటికీ త్వరగా వెళతారు. అయితే ముందుగా భుజం బయటి వైపు చర్మం మీద స్పర్శ ఉందో లేదో చూసి రాయాలి, ఎందుకంటే ఈ గాయంలో దెబ్బతినే నరం అక్కడికే వెళుతుంది.

కీలును సర్దేటప్పుడు

తొలగిన కీలుకు అసలైన నొప్పి మందు దాన్ని సర్దడమే. చీలమండ విరిగి తొలగి, చర్మం తెల్లగా సాగి ఉంటే, లేదా పాదంలో నాడి అందకపోతే ఎక్స్‌రే కోసం కూడా ఆగకుండా తగిన నొప్పి మందు ఇచ్చి సర్దాలి. తొలగిన తుంటి కీలును 6 గంటల్లోపు సర్దడం లక్ష్యంగా పెట్టుకోవాలి. పూర్తి మత్తు అవసరమైనప్పుడు కెటమిన్ కిలోకు ఒక మిల్లీగ్రామును ఒక నిమిషంలో ఇవ్వవచ్చు. కానీ మత్తు చూసుకునేవారు, కీలు సర్దేవారు వేర్వేరు మనుషులై ఉండాలి. ఒక్కరే రెండూ చేయబోతే కళ్లు కీలు మీదికి వెళతాయి, ఊపిరి సంగతి మరిచిపోతారు. ఆక్సిజన్, నోట్లోని స్రావాలను లాగే సక్షన్, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ అందుబాటులో పెట్టుకుని, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపించే మానిటర్ ఉంటే తగిలించాలి. ఆక్సిజన్ అంకె పడిపోకముందే అది హెచ్చరిస్తుంది.

పక్కటెముకలు విరిగినవారి దారి వేరు. అక్కడ ప్రతి శ్వాసా ఒక కదలికే కాబట్టి నొప్పికి భయపడి రోగి పైపైనే ఊపిరి పీలుస్తాడు, దగ్గడు, రెండు మూడు రోజుల్లో న్యుమోనియా దిగుతుంది. ఛాతీ చుట్టూ బిగించి కట్టు కట్టడం దీన్ని మరింత పెంచుతుంది. లోతుగా పీల్చి దగ్గగలిగేంతగా నొప్పి తగ్గిందా అన్నదే ఇక్కడ కొలమానం. దగ్గమని చెప్పి, మనం ఎదురుగా నిలబడి చూడాలి.

మందుకు లొంగని నొప్పి

కాలి పిక్క ఎముకో, ముంజేయో విరిగిన వ్యక్తికి సరైన మోతాదులు ఇచ్చినా నొప్పి తగ్గకపోగా గంట గంటకూ పెరుగుతుంటే, ఇంకో మోతాదు రాసే ముందు చేయి ఆపి ఆలోచించాలి. బిగుతైన పొరల మధ్య ఉన్న కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం అందకుండా పోయే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ ఇలాగే మొదలవుతుంది. గాయానికి తగినదానికంటే ఎక్కువ నొప్పి, వేళ్లను మనం మెల్లగా సాగదీసినప్పుడు ప్రాణం పోయినంత నొప్పి: ఇవి తొలి గుర్తులు. నాడి పోవడం, కాలు చల్లబడడం చివరి గుర్తులు, వాటి కోసం ఎదురుచూస్తే కండరం దక్కదు. చిన్నపిల్లలు ఇంత వివరంగా చెప్పలేరు. చిరాకు, ఆందోళన, మాటిమాటికీ మందు అడగడం, ఈ మూడూ కలిసి కనబడితే అనుమానించాలి.

అనుమానం రాగానే పిండికట్టును, కింది దూదిని, గుడ్డను చర్మం కనబడేదాకా పొడవునా కోసి తెరవాలి. పైన కట్టు మాత్రమే కోసి దూదిని వదిలేస్తే సరిపోదు. అవయవాన్ని గుండె మట్టానికి సమానంగా ఉంచాలి, ఎత్తులో పెడితే ఉన్న కాస్త రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. ఆర్థోపెడిక్ సర్జన్‌ను అప్పుడే పిలవాలి. కండరంలోని ఒత్తిడి కొలిచినప్పుడు రక్తపోటు కింది అంకెకు, దానికి మధ్య తేడా 30 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆపరేషన్ అవసరమన్నట్టే. కొన్ని గంటల్లోనే జరిగే నష్టం కాబట్టి దీన్ని తెల్లవారేదాకా వాయిదా వేయడానికి వీల్లేదు. ఈ కారణంగానే ఇలాంటి గాయాల్లో దీర్ఘకాలం పనిచేసే నరాల బ్లాక్ ఇచ్చే ముందు సర్జన్‌తో మాట్లాడాలి. ఆ నొప్పే మనకున్న హెచ్చరిక గంట.

ఇంటికి పంపేటప్పుడు

"నొప్పి వస్తే వేసుకోండి" అని మాత్రలు రాసి పంపితే రోగి అర్ధరాత్రి నొప్పి ముదిరాక మింగుతాడు, అది పనిచేసేసరికి తెల్లవారుతుంది. మొదటి రెండు మూడు రోజులు పారాసెటమాల్‌ను ఆరు గంటలకోసారి నొప్పి ఉన్నా లేకపోయినా వేసుకోమని, ఐబుప్రొఫెన్ తగినవారికైతే తిన్న తర్వాత వేసుకోమని చెప్పాలి. మార్కెట్లో దొరికే జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుందని, రెండూ కలిస్తే మోతాదు మించుతుందని వివరించాలి. ఓపియాయిడ్ మాత్రలు తప్పనిసరి అయితే మూడు రోజులకు మించకుండా, మలబద్ధకానికి మందుతో కలిపి, వాహనం నడపవద్దన్న హెచ్చరికతో ఇవ్వాలి. ఇచ్చే ముందు ఇంట్లో ఊపిరికి ఇబ్బందిపెట్టే జబ్బున్నవారు, చిన్నపిల్లలు ఉన్నారేమో అడిగి, మాత్రలు వారికి అందకుండా పెట్టమని చెప్పాలి.

నొప్పి పెరుగుతూ పోయినా, వేళ్లు మొద్దుబారినా, నీలంగా మారినా, చల్లబడినా, కట్టు బిగుతైనా వెంటనే తిరిగి రావాలని రోగికీ, తోడు వచ్చినవారికీ ఇద్దరికీ చెప్పాలి. మందు ప్రభావంలో ఉన్న మనిషికి మన మాటల్లో సగమే గుర్తుంటాయి. చీటీ మీద మాత్ర పేరు, మనం ఇచ్చిన చివరి మోతాదు ఎన్ని గంటలకో, తర్వాతిది ఎన్ని గంటలకు వేసుకోవాలో గడియారం అంకెల్లోనే రాసి, తోడు వచ్చిన మనిషి చేత ఒకసారి చదివించి పంపాలి.